ఇంటి గుర్తు చూసి మనిషిని పోల్చుకోవచ్చా? ఫ్రాంక్‌ఫర్ట్ పాత యూదుల శ్మశానం నుంచి ఒక కేసు

వంశచరిత్రలు వెతికిపెట్టడం నా వృత్తి. జర్మనీ యూదు కుటుంబాల పాత కాగితాలు, సమాధి రాళ్ళ మీది హీబ్రూ రాతలు చదవడమే అందులో ఎక్కువ భాగం. ఈ కేసు గురించి ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, అసలు తేదీలు, ఇంటి గుర్తు (ఆ కాలంలో ఒక్కో ఇంటిని పిలిచే బొమ్మ పేరు) తీసేశాను. పేర్లు దాచడం అందరూ చేసేదే. ఇంటి గుర్తు కూడా ఎందుకు దాచానంటే, రెండు వందల ఇళ్ళు కూడా లేని వీధిలో గుర్తు చెప్పడమంటే డోర్ నంబరు చెప్పేసినట్టే.

స్థలం

ఫ్రాంక్‌ఫర్ట్‌లో బట్టోన్‌ష్ట్రాసె పక్కన ఎత్తైన గోడ లోపల ఉంది ఈ శ్మశానం. ఇక్కడి రాళ్ళలో పాతవి 1272 నాటివి. జర్మనీలో మిగిలిన యూదుల శ్మశానాల్లో వర్మ్స్ నగరంలోది ఇంతకంటే పాతది. ఇక్కడ 1828 వరకు, అంటే అయిదున్నర శతాబ్దాలకు పైగా ఖననాలు జరిగాయి. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం సమాధి శాశ్వతం. కొన్నేళ్ళయ్యాక తవ్వి ఆ చోటును ఇంకొకరికి ఇవ్వడం ఉండదు. నేల మీద రాయి ఉన్నా లేకపోయినా కింద మనిషి ఉన్నట్టే లెక్క. ఈ నియమం తర్వాత ఈ కేసులో ఒక నిర్ణయాన్ని శాసించింది.

1462 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ యూదులందరూ పాత నగర గోడను ఆనుకుని ఉన్న ఒకే వీధిలో బతకాల్సి వచ్చింది. దాని పేరు యూడెన్‌గాసె. పొడవు దాదాపు 330 మీటర్లు, వెడల్పు మూడు నాలుగు మీటర్లు. రద్దీ బాగా పెరిగిన కాలంలో అందులో 3,000 మంది దాకా ఉండేవారు. ఒక్కో ఇంటిని నిలువునా చీల్చి రెండు చేసుకున్నారు, పైన అంతస్తులు లేపారు, వెనక గదులు కట్టారు. ఇళ్ళను గుర్తులతో పిలిచేవారు: డేగ, కోడిపుంజు, బాతు, ఓడ, ఎర్ర డాలు, నల్ల డాలు. అందులో ఉండేవాళ్ళకు అవే ఇంటిపేర్లయ్యాయి. ఆడ్లర్, హాన్, గాన్స్, షిఫ్, రోత్‌షీల్డ్, ష్వార్ట్స్‌షీల్డ్ అలా పుట్టినవే. మనిషి పోయాక ఆ గుర్తునే అతని సమాధి రాయి మీద చెక్కేవారు. ఎర్రటి ఇసుకరాతి పలక, హీబ్రూ అక్షరాల వరసలు, వాటితో పాటు ఒక చిన్న కోడి బొమ్మో ఓడ బొమ్మో ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ రాళ్ళను వేరే ఊళ్ళ రాళ్ళ నుంచి విడిగా పట్టించేది ఈ బొమ్మలే.

1942లో నగర నాజీ మేయర్ ఫ్రీడ్‌రిష్ క్రెబ్స్ ఈ శ్మశానాన్ని చదును చేయమని ఆదేశించాడు. అప్పటికి సుమారు 6,500 రాళ్ళు ఉండేవి. మూడింట రెండు వంతులు పగలగొట్టారు. యుద్ధం తీవ్రమై పని ఆగిపోయింది కాబట్టి మిగిలినవి మిగిలాయి. చరిత్రపరంగా విలువైనవని ఎంచిన కొన్నింటిని ముందే తీసి, 1828 తర్వాత వాడుకలోకి వచ్చిన రాట్-బైల్-ష్ట్రాసె శ్మశానానికి తరలించారు. ఇప్పుడు పాత శ్మశానంలోకి వెళితే ముందు కనిపించేది ఖాళీ గడ్డి. ఒక పక్కన నిలబడి ఉన్న రాళ్ళు, ఇంకో పక్కన కుప్పపోసిన ముక్కలు. రోత్‌షీల్డ్ బ్యాంకును స్థాపించిన మేయర్ అమ్షెల్ రోత్‌షీల్డ్‌ను (ఇక్కడ ‘మేయర్’ పేరే, పదవి కాదు) 1812లో పూడ్చింది ఇక్కడే.

వాళ్ళు అడిగింది

వేర్వేరు ఖండాల్లో ఉంటున్న ఒకే వంశపు వారు ఇద్దరు, వరసకు అన్నాచెల్లెళ్ళు, కలిసి నాకు రాశారు. వాళ్ళ దగ్గర ఉన్నవి రెండు. ఒకటి, 1930లలో జర్మనీ వదిలి పారిపోయిన తాతగారు టైపు చేసి పెట్టిన వంశవృక్షం. అందులో అన్నిటికంటే పై పేరు ఒక పెద్దాయనది: వాడుక పేరు, ఇంటిపేరు, చనిపోయిన సంవత్సరం. రెండోది, యుద్ధం తర్వాత ఎవరో బంధువు శ్మశానంలో తీసిన నలుపు తెలుపు ఫోటో. విరిగిన రాయి పైభాగం. విరిగిన అంచు మిగతా రాయి కంటే లేత రంగులో ఉంది. ఖననాన్ని సూచించే మాటలకు పొట్టిరూపంగా రాళ్ళ మీద మొదట చెక్కే రెండు అక్షరాల్లో ‘పే’ ఒక్కటే మిగిలింది. దాని కింద స్పష్టంగా ఆ ఇంటి గుర్తు. పేరు ఉండాల్సిన వరస నుంచి కిందికి రాయి లేదు.

వాళ్ళ కోరిక: ఈ ముక్క మా పెద్దాయనదేనని ధ్రువీకరించండి, ఆయన్ను పూడ్చిన చోటు చూపించండి, అక్కడ కొత్త రాయి పెట్టిస్తాం.

మొదట చేసిన పని ఈ కోరికను విడదీయడం. ఆయన ఎవరు, ఆయన రాయి మీద ఏమి రాసి ఉంది, ఆ రాయి ఏమైంది, ఆయన ఏ చోట ఉన్నాడు: ఈ నాలుగింటికీ ఆధారాలు వేర్వేరు చోట్ల దొరుకుతాయి. ఒకటి తేలినంత మాత్రాన మిగతావి తేలవు. కుటుంబాలు సాధారణంగా రాయితో మొదలుపెడతాయి, ఎందుకంటే కళ్ళకు కనిపించేది అదే. నేను మనిషితో మొదలుపెడతానని వాళ్ళకు ముందే చెప్పాను. ఫోటోను చివరి దాకా పక్కన పెట్టాను. ముందే దాన్ని నమ్మితే, తర్వాత దొరికే ప్రతి కాగితాన్నీ దానికి సరిపోయేలా చదివేస్తాం.

పని చేయనివి

ఇంటిపేరుతో వెతకడం అందరూ చేసే మొదటి ప్రయత్నం. ఎస్సెన్‌లోని స్టైన్‌హైమ్ సంస్థ సమాధి రాతలను ఎపిడాట్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో పెట్టింది. అక్కడ ఆ ఇంటిపేరుతో మనుషులు లేకపోవడం కాదు, ఎక్కువమంది ఉండటమే ఇబ్బంది. అష్కెనాజీ యూదుల్లో, అంటే జర్మనీ, తూర్పు యూరప్ మూలాల యూదుల్లో, బతికున్నవారి పేరు పిల్లలకు పెట్టరు, పోయిన తాత పేరు మనవడికి పెడతారు. ముగ్గురు కొడుకులుంటే ఆ ముగ్గురి ఇళ్ళలోనూ అదే పేరుతో మనవళ్ళు ఉంటారు. రెండు తరాలకు ఒకసారి ‘ఫలానా వాడి కొడుకు ఫలానా’ అన్న జత కూడా మళ్ళీ అచ్చంగా అలాగే వస్తుంది.

పైగా వంశవృక్షంలో ఉన్నది వాడుక పేరు. రాయి మీద ఉండేది ప్రార్థనా మందిరంలో పిలిచే హీబ్రూ పేరు. వీధిలో హిర్ష్ అనేవాడు రాయి మీద త్స్వీ అవుతాడు, లోబ్ అనేవాడు యెహూదా, వోల్ఫ్ అనేవాడు బెన్యామీన్. ఈ జతలు చాలావరకు నమ్మదగినవే. కానీ ఒకే వాడుక పేరుకు రెండు మూడు హీబ్రూ పేర్లు ఉండే సందర్భాలు ఉన్నాయి. మా పెద్దాయనది సరిగ్గా అలాంటి పేరు.

సంవత్సరం పట్టుకుని వెళ్ళినా దొరకలేదు. తాతగారి కాగితంలో ఉన్న ఏడాదిలో సరిపోయే మనిషే లేడు.

ఇక్కడే చెల్లెలు, వాళ్ళిద్దరిలో ఎక్కువ తొందర ఉన్నావిడ, ఫోటో సంగతి మళ్ళీ తెచ్చింది. గుర్తు ఉంది కదా, ఆ ఇంట్లో ఉన్నది మేమే కదా అని. దీనికి నా జవాబు రోత్‌షీల్డుల కథే. ఆ వంశపు మూలపురుషుడు పదహారో శతాబ్దంలో ఎర్ర డాలు గుర్తున్న ఇల్లు కట్టాడు. తర్వాతి తరాలు అదే వీధిలో వేరే ఇంటికి మారాయి, పేరు మాత్రం వెంట తీసుకెళ్ళాయి. 1744లో మేయర్ అమ్షెల్ పుట్టింది ఎర్ర డాలు ఇంట్లో కాదు. మరి ఒక రాయి మీద గుర్తు కనబడితే, అది ఇంటిపేరుకు సూచనా, పోయేనాటికి ఉంటున్న ఇంటికి సూచనా? బొమ్మ ఒక్కటే చూసి చెప్పలేం. 1711 అగ్నిప్రమాదంలో వీధి దాదాపు మొత్తం కాలిపోయింది, 1796లో ఫ్రెంచి ఫిరంగి దాడిలో ఉత్తర భాగం మళ్ళీ కాలింది. ప్రతిసారీ కుటుంబాలు చెదిరి, వేరే ఇళ్ళలో తలదాచుకున్నాయి. చీల్చిన ఇళ్ళలో ఒకే కప్పు కింద సంబంధం లేని కుటుంబాలు కాపురముండేవి. అలెగ్జాండర్ డీట్స్ 1907లో అచ్చువేసిన ఫ్రాంక్‌ఫర్ట్ యూదు కుటుంబాల గ్రంథం చూస్తే, మా పెద్దాయన తండ్రి కాలానికే వాళ్ళు ఆ ఇల్లు వదిలేసినట్టు తెలిసింది.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. రాళ్ళ మీద బొమ్మలన్నీ ఇంటి గుర్తులు కావు. దీవించే రెండు చేతులుంటే కోహెన్ (పూజారుల) వంశం, కూజా ఉంటే లేవీ (ఆలయ సేవకుల) వంశం అని యూదు శ్మశానాలన్నిటా చదువుతారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూజా గుర్తున్న ఇల్లు ఉండేది, కాన్ అనే కుటుంబానికి పేరు దాన్నుంచే వచ్చింది. కాబట్టి పేరు విరిగిపోయిన ముక్క మీద కూజా కనిపిస్తే లేవీయుడని రాసేసే ముందు ఆలోచించాలి. మా ముక్క మీది బొమ్మతో ఈ చిక్కు లేదు, అయినా ఇలాంటి ఫోటోలు నాకు తరచుగా వస్తాయి.

అన్నగారు ఇంకో దారి సూచించాడు: నేలలోకి రాడార్ పంపి సమాధులు ఎక్కడున్నాయో చూడొచ్చు కదా. తవ్వకుండా చూసే పద్ధతే కాబట్టి మొదటి చూపులో అభ్యంతరం కనిపించదు. నేను వద్దన్నాను. రాడార్ మట్టి కదిలిన చోటు చూపిస్తుందేమో కానీ అక్కడున్నది ఎవరో చెప్పదు. గుంతలు దొరికాక ‘ఇది ఆయనది కావచ్చు’ అనే చోటికి వస్తాం. దాన్ని తేల్చుకోవాలంటే మిగిలేది తవ్వడం, ఆ శ్మశానంలో అది జరగకూడని పని. జవాబు రాదని ముందే తెలిసిన ప్రశ్న కోసం యూదు సమాజాన్ని అనుమతి అడగడం నాకు సబబు అనిపించలేదు.

దారి దొరికింది కొడుకు దగ్గర

పైనుంచి కిందికి దారి మూసుకుపోయినప్పుడు కిందినుంచి పైకి వెళ్ళాలి. పెద్దాయన కొడుకు 1828 తర్వాత పోయాడు, అంటే అతను పాత శ్మశానంలో ఉండడు. రాట్-బైల్-ష్ట్రాసెలో అతని రాయి నిలబడే ఉంది. కుటుంబం అక్కడికి ఎన్నడూ వెళ్ళలేదు. వాళ్ళ దృష్టంతా పగిలిన చోటు మీదే ఉంది మరి.

రాయికి ఒక వైపు హీబ్రూ, వెనక వైపు జర్మన్. జర్మన్ వైపు పేరు, తేదీలు తప్ప ఏమీ లేవు. హీబ్రూ వైపు ‘ఫలానా వారి కొడుకు’ అని తండ్రి హీబ్రూ పేరు పూర్తిగా ఉంది. ఒక్క వాడుక పేరుకు రెండు మూడు హీబ్రూ పేర్ల చిక్కు దాంతో తీరింది. కొడుకు పెళ్ళి నమోదులో తల్లి పేరు దొరికింది. మరో ఆధారం మనవడు: తాత పేరు పెట్టుకున్న మొదటి మనవడు పుట్టిన ఏడాది తెలుసు. బతికున్నవారి పేరు పెట్టరు కాబట్టి తాత అంతకుముందే పోయి ఉండాలి. వెతకాల్సిన కాలానికి పై హద్దు అలా వచ్చింది. ఇది గట్టి రుజువు కాదు, ఆనవాయితీ మీద ఆధారపడిన హద్దు. అయినా వెతకాల్సిన ఏళ్ళను బాగా తగ్గించింది.

ఇక రాత సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ రబ్బీ (యూదుల మతగురువు) మార్కుస్ హోరోవిట్స్ పాత శ్మశానంలోని సమాధి రాతలను హీబ్రూలో ఎత్తిరాసి 1901లో పుస్తకంగా అచ్చువేశాడు. రాళ్ళు పగలడానికి నలభై ఏళ్ళ ముందు మాట ఇది. ఈ రోజు ఫ్రాంక్‌ఫర్ట్ మీద పని చేసే ఎవరికైనా ఆధారం అదే. తండ్రి పేరు తెలిసిన మనిషిని, పై హద్దు తెలిసిన కాలంలో వెతికితే ఇద్దరు మిగిలారు. ఇద్దరిదీ ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే, తేడా మూడేళ్ళు. ఒకరి రాతలో ఏడాది అక్షరం ‘హే’ అనో ‘ఖేత్’ అనో సందేహంగా ఉంది. అంటే ఆ ఇద్దరూ ఒక్కరే కావచ్చు, రెండు చోట్ల రెండు రకాలుగా చదివి ఉండొచ్చు.

హీబ్రూలో అంకెలను అక్షరాలతో రాస్తారు. హే అంటే 5, ఖేత్ అంటే 8. రెండు అక్షరాలకీ తేడా ఎడమ కాలు దగ్గర చిన్న సందు. ఇసుకరాయి వందేళ్ళు వానలో నానితే ఆ సందు పూడినట్టు కనిపిస్తుంది, లేదా లేని సందు పుడుతుంది. కళ్ళతో తేలని ఇలాంటి సందేహాన్ని వారం పేరు తేలుస్తుంది, ఎందుకంటే రాతలో తేదీతో పాటు అది ఏ వారమో కూడా ఉంటుంది.

అసలు తేదీ ఇవ్వకూడదు కాబట్టి వేరే తేదీతో చూపిస్తాను. రాయి మీద ‘శుక్రవారం, ఖెష్వాన్ 12’ (ఖెష్వాన్ యూదుల ఏడాదిలో తిష్రీ తర్వాతి నెల) అని ఉండి, సంవత్సరం 565 అనో 568 అనో తెలియడం లేదనుకుందాం. వేల స్థానంలోని 5 రాయడం మానేసి పొట్టి లెక్కలో రాస్తారు, అంటే 5565 లేదా 5568. 5565లో సంవత్సరాది, తిష్రీ 1, గురువారం వచ్చింది: 1804 సెప్టెంబర్ 6. తిష్రీకి 30 రోజులు, కాబట్టి ఖెష్వాన్ 12 అంటే అక్టోబర్ 17, బుధవారం. 5568లో సంవత్సరాది శనివారం, 1807 అక్టోబర్ 3. ఖెష్వాన్ 12 నవంబర్ 13 అవుతుంది, శుక్రవారం. రాయి శుక్రవారం అంటోంది కాబట్టి ఆ అక్షరం ఖేత్. దీనికి రాయి కూడా అవసరం లేదు, రాసిన ప్రతి ఉంటే చాలు. మా కేసులో కూడా వారం ఒక్క ఏడాదికే సరిపోయింది.

తాతగారి కాగితంలో సంవత్సరం ఎందుకు తప్పిందో కూడా ఇక్కడే బయటపడింది. పొట్టి లెక్కకు 1240 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ నేర్చుకుంటారు. పై ఉదాహరణలో 568కి 1240 కలిపితే 1808. కానీ యూదుల సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది. తిష్రీ, ఖెష్వాన్, కిస్లేవ్ నెలలు పాత క్రీస్తు సంవత్సరంలోనే పడతాయి, సాధారణంగా తేవేత్ మొదటి రోజులు కూడా. వాటికి ఒకటి తగ్గించాలి. తాతగారి దగ్గర ఎవరో ఎత్తిరాసిన హీబ్రూ తేదీ ఉండి ఉండాలి, దానికి కూడిక మాత్రం చేశాడు. దీని వల్ల నాకు ఇంకో లాభం కలిగింది. తప్పు ఎలా జరిగిందో వివరించగలిగితే, ఆ కాగితమూ అచ్చులో దొరికిన రాతా ఒకే మనిషి గురించినవన్న వాదన బలపడుతుంది.

ఆ రాత తొమ్మిది వరసలు. నిజాయితీగా వ్యాపారం చేశాడని, పొద్దున్నా సాయంత్రమూ ప్రార్థనకు వెళ్ళేవాడని, బీదలకు చెయ్యి తెరిచేవాడని. ఇవన్నీ చాలా రాళ్ళ మీద ఉండే మాటలే, వాటిని చూసి మనిషి స్వభావం అంచనా వేయొద్దని కుటుంబానికి చెప్పాల్సి వచ్చింది. ఒక్క మాట మాత్రం మామూలుది కాదు: అనాథ పిల్లల పెళ్ళిళ్ళకు డబ్బు ఇచ్చాడని ఉంది. చివర అలవాటైన అయిదు అక్షరాలు, ‘ఆయన ఆత్మ జీవపు మూటలో కట్టబడి ఉండుగాక’ అన్న బైబిల్ మాటకు పొట్టిరూపం.

తేలనివి, తీసుకున్న నిర్ణయాలు

హోరోవిట్స్ పుస్తకం రాతను ఇస్తుంది, నేల మీద చోటును ఇవ్వదు. ఇప్పుడు నిలబడి ఉన్న రాళ్ళను బట్టి వరసలు ఊహించి ఆయన చోటు గుర్తించవచ్చా అని ఆలోచించాను. యుద్ధం తర్వాత కూడా అవి తమ తమ చోట్లలోనే ఉన్నాయని ఒక్కో రాయికీ విడిగా రుజువు కావాలి. అలాంటి రుజువు లేకుండా పక్కింటివాళ్ళను బట్టి చిరునామా చెప్పడం కుదరదు. కాబట్టి కొత్త రాయి వద్దని సలహా ఇచ్చాను. తప్పు చోట పెడితే ఇంకొకరి సమాధి మీద మన పేరు పెట్టినట్టవుతుంది. ఆ కిందున్న వ్యక్తి తరఫున అడగడానికి ఎవరూ మిగిలి ఉండకపోవచ్చు.

ఫోటోలోని ముక్కను ‘నిర్ధారణ కాలేదు’ అని రాశాను, ‘కాదు’ అనలేదు. ఆయనది కావడానికి వీలుంది. ఆ గుర్తును వాడగలిగిన ఇంకెందరిదో కావడానికి కూడా అంతే వీలుంది. అన్నగారు వెంటనే ఒప్పుకున్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. చిన్నప్పటి నుంచి వాళ్ళింట్లో ఆ ఫోటో ఫ్రేము కట్టి గోడకు ఉంది, నా నివేదిక దాన్ని గోడ మీంచి దించమన్నట్టు అనిపించిందావిడకు. చివరికి ఫోటో కింద ఏమి రాయాలన్న దగ్గర రాజీ కుదిరింది: ‘మా ఇంటి గుర్తు ఉన్న సమాధి రాయి ముక్క. ఎవరిదో తెలియదు.’

ఇలాంటి కేసులు చేపట్టేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. పగిలిన శ్మశానం దగ్గర మొదలుపెట్టకండి, దాని తర్వాత తెరిచిన శ్మశానం దగ్గర మొదలుపెట్టండి. పిల్లల రాళ్ళ మీద తండ్రి పేరు ఉంటుంది. రాతలో వారం ఉంటే ముందు దాన్ని లెక్కకట్టండి, అక్షరాలతో కుస్తీ తర్వాత. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి సర్కారు నమోదుకూ రాయికీ ఒక్క రోజు తేడా వస్తే కంగారుపడి వేరే మనిషి అనుకోవద్దు. చోటు గురించిన ప్రశ్నకు జవాబు లేదని తేలిన రోజే కుటుంబానికి చెప్పండి. మిగతా మంచి వార్తలతో కలిపి చివర్లో చెబితే, వాళ్ళు అప్పటికే రాయి చెక్కేవాడితో మాట్లాడేసి ఉంటారు.

ఇద్దరూ ఆ పెద్దాయన తిథి నాడు ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చారు. శ్మశానం గేటుకు తాళం ఉంటుంది, పక్కనే ఉన్న యూడెన్‌గాసె మ్యూజియంలో తాళంచెవి అడిగి తీసుకోవాలి. లోపలికి వెళ్ళే ముందు బయటి గోడ దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. 1996లో కట్టిన స్మారకం అది: నాజీలు చంపిన ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల పేర్లు, ఒక్కొక్కరికి ఒక చిన్న లోహపు దిమ్మె చొప్పున, 12 వేలకు దగ్గరగా గోడలోంచి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ కొడుకు వంశంలో జర్మనీ వదలని శాఖ వాళ్ళ పేర్లు వరసగా దొరికాయి. దిమ్మెల మీద గులకరాళ్ళు పెట్టారు. లోపల, ఖాళీ గడ్డి అంచున నిలబడి అన్నగారు ఆ తొమ్మిది వరసలూ హీబ్రూలో చదివాడు, నేను అర్థం చెప్పాను.

పెద్దాయన భార్య సమాధి కోసం ఇప్పుడు వెతుకుతున్నాం. ఆమె భర్త కంటే ముందే పోయిందా, తర్వాతా అన్నది తేలలేదు. ఆమె పేరు కొడుకు పెళ్ళి నమోదులో ఉంది, తండ్రి పేరు లేదు. ఆడవాళ్ళ రాళ్ళ మీద తండ్రి పేరో భర్త పేరో ఉంటుంది కాబట్టి, ఈసారి హోరోవిట్స్ ప్రతిలో భర్త పేరు పట్టుకుని మొదలుపెట్టాను.